కంచు కంచరగాడిద: రెండో పోతలో చెవి రాలేదు

రెండో పోత కూడా దెబ్బతింది. ఎడమ చెవి సగానికి ఆగిపోయింది. ముఖం మాత్రం బాగా వచ్చింది కాబట్టి ఏడుపు సగమే.

నేను చేస్తున్నది రోమన్ల భోజనాల మంచానికి బిగించే తల. వాళ్లు విందుల్లో మంచం మీద ఒరిగి, మోచేతి మీద ఆనుకుని తినేవాళ్లు. ఆ మంచానికి తలవైపు ఒంపు తిరిగి ఉండే భాగం ఫుల్‌క్రమ్. దాని పై చివర జంతువు తల, కింద చిన్న మనిషి బొమ్మ. పైన తరచూ కనిపించేది కంచరగాడిదే. కంచుతో కంచరగాడిద! ఈ జోక్‌కి ఇంట్లో ఎవరూ నవ్వలేదు. విందు మంచం మీద దానికేం పనంటే, అది ద్రాక్షసారా దేవుడు డయోనిసస్ పరివారంలోది. అందుకే తలకి ద్రాక్షతీగ చుడతారు. గ్రీకు ద్వీపం డెలోస్ కంచుకి పేరు తెచ్చినవి ఇలాంటి మంచాల కోళ్లు, ఫుల్‌క్రమ్‌లేనని రోమన్ రచయిత ప్లినీ రాశాడు.

మైనం సంగతి. ముందు మైనంతో బోలు తల చేసి, లోపలా బయటా మట్టి పెట్టి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో కంచు పోస్తా. ఉత్త తేనెమైనం మన ఎండకి మెత్తబడి ముక్కు వాలిపోయింది. కాస్త గుగ్గిలం కలిపాక గట్టిపడింది. తల పొడవు 5 సెంటీమీటర్లు, గోడ మందం 3 మిల్లీమీటర్లు. మెడ వెనక తెరిచే ఉంచా, లోపలి మట్టి బయటి అచ్చుతో కలిసిపోతుంది. మైనం బరువుకి 9 రెట్లు కంచు లెక్కేసుకుని, పోసే దారికి విడిగా కలుపుకోవాలి. నాది 90 పాళ్లు రాగి, 10 పాళ్లు తగరం.

అసలు తప్పు చెవుల దగ్గరే జరిగింది. పాత తలల్లో చెవులు కోపంగా వెనక్కి అణిగి ఉంటాయి. అలాగే చేద్దామని 1.5 మిల్లీమీటర్లకి పలచన చేశా. పైగా అచ్చులో చెవి కొనలే అన్నిటికన్నా ఎత్తులో ఉన్నాయి, గాలి బయటికి పోయే దారి పెట్టలేదు. కంచు ఎక్కింది, గాలి అడ్డుపడింది, అంతే. కుడి చెవి ఎలా నిండిందో దానికే తెలియాలి.

ఈసారి చెవులు 2.5 మిల్లీమీటర్లు. గాలి పోయే దారి కోసం ఒక్కో కొన నుంచి సన్నటి మైనపు పుల్ల పైదాకా. అచ్చుని వారం నీడలో ఆరబెట్టి, మైనం కరిగించి తీసేశాక ఎర్రగా కాల్చి, వేడిగా ఉండగానే పోస్తా. తేమ మిగిలితే కరిగిన కంచు ఎగిరి మీద పడుతుంది, అది మాత్రం ఆటలు కాదు.

కళ్లకి వెండి తాపడం తర్వాత. మూడో మైనపు తల ప్రస్తుతానికి ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన ఉంది.