కొలత ఎక్కడ తగ్గుతోంది?

"ఇది ఆగుతుందని నువ్వు నమ్ముతున్నావు, సరే. రుజువేది?" లీన్ అనే ప్రూఫ్ అసిస్టెంట్‌లో (రుజువులని సరిచూసే సాఫ్ట్‌వేర్‌లో) ఫంక్షన్ రాస్తే, రివ్యూలో అందరికీ కనబడేలా ఇంత మాట రాసి, కోడ్‌ని తిప్పి పంపేయడం ఇక్కడ మామూలే. పెద్దా చిన్నా చూడరు. మనవాళ్ళయితే పక్కకు పిలిచి చెబుతారు, ఆ మెత్తదనమే మేలని ఇప్పటికీ నా అభిప్రాయం. అయితే ప్రశ్న మాత్రం న్యాయమైనదే. ఆగని ఫంక్షన్‌ని ప్రూఫ్ అసిస్టెంట్ ఒప్పుకుంటే ఎఫ్(ఎన్) = ఎఫ్(ఎన్) + 1 అని రాసి, 0 = 1 అని రుజువు చేసేయొచ్చు. అక్కడితో మిగతా సిద్ధాంతాలన్నీ వృథా.

ఫంక్షన్ తనని తానే పిలుచుకుంటే (రికర్షన్), లీన్ 4 ముందు స్ట్రక్చరల్ రికర్షన్ కుదురుతుందేమో చూస్తుంది, అంటే అలాంటి ప్రతి పిలుపూ ఇన్‌పుట్‌లోని చిన్న భాగం మీదే జరగాలి. కుదరకపోతే ప్రతి పిలుపుకీ తగ్గే కొలతని తనే ఊహించి చూస్తుంది. అదీ కుదరకపోతే ఆ కొలతని 'టర్మినేషన్_బై' దగ్గర మనమివ్వాలి, తగ్గుతుందన్న రుజువు 'డిక్రీజింగ్_బై' దగ్గర.

వరుసలో ఉన్న జాబితాని ప్రతిసారీ సగం చేస్తూ వెతికే బైనరీ సెర్చ్‌నే తీసుకోండి. హద్దులు లో, హై. మిడ్ అంటే వాటి మొత్తంలో సగం, కింది పూర్ణాంకానికి. కొలత: హై − లో. ఎడమకి పిలుపు (లో, మిడ్), కుడికి (మిడ్ + 1, హై). 'లో < హై' అన్న షరతుకి ఇఫ్‌లోనే హెచ్ అని పేరు పెట్టుకుంటే రుజువులో పేరుతో వాడుకోవచ్చు. మిగతాది ఒమేగా ట్యాక్టిక్ (పూర్ణాంకాల మామూలు అసమానతలని తనే రుజువు చేసే ఆదేశం) చూసుకుంటుంది. అదే కుడి పిలుపుని (మిడ్, హై) అని రాస్తే ఒమేగా మొరాయిస్తుంది. చాలామంది అక్కడ ట్యాక్టిక్‌లు మార్చి మార్చి చూస్తారు. తప్పు ట్యాక్టిక్‌ది కాదు. లో 4, హై 5 అనుకోండి: మిడ్ 4 అవుతుంది, మళ్ళీ (4, 5)నే పిలుస్తాం. ప్రోగ్రామ్ నిజంగానే ఆగదు. గోల్ (రుజువు చేయాల్సిన వాక్యం) మొండికేస్తే ముందు అల్గారిదమ్‌నే అనుమానించాలి.

రెండు ఇన్‌పుట్‌లున్న అకెర్మన్ ఫంక్షన్ లాంటి వాటికి ఒక్క సంఖ్య చాలదు, (ఎమ్, ఎన్) జతని నిఘంటువు వరుసలో (ముందు ఎమ్, అది సమానమైతే ఎన్ పోల్చేలా) ఇస్తే సరి.

ఇదంతా ఎందుకని ఆగుతుందన్న రుజువు అడగని 'పార్షియల్' తగిలిస్తే ప్రోగ్రామ్ నడుస్తుంది, కానీ కెర్నల్‌కి (రుజువులని చివరగా సరిచూసే భాగానికి) లోపలి నిర్వచనం కనబడదు, దాని మీద సిద్ధాంతం రాయలేం. కొలత ఇచ్చి దాటినా ఒక ఖర్చుంది: ఇలా కొలతతో ఇచ్చిన (వెల్‌ఫౌండెడ్) నిర్వచనాలు మామూలుగా విప్పుకోవు కాబట్టి లెక్క నడిపి రుజువు చేసే 'ఆర్‌ఎఫ్‌ఎల్', 'డిసైడ్' తరచూ పనిచేయవు. అన్‌ఫోల్డ్ ట్యాక్టిక్‌తో ఫంక్షన్ సమీకరణాన్ని తెచ్చుకోవాలి. ఇండక్షన్ కూడా ఆ ఫంక్షన్‌తో పుట్టే '.ఇండక్ట్' సూత్రంతో చేస్తే సగం శ్రమ తగ్గుతుంది.

ఇక ఫ్యూయల్. ప్రతి పిలుపుకీ ఒకటి తగ్గే అదనపు సంఖ్య, అది సున్నా అయితే ఫంక్షన్ ఆగిపోతుంది. బైనరీ సెర్చ్‌లో దాన్ని పెడితే ప్రతి సిద్ధాంతానికీ 'ఫ్యూయల్ సరిపడా ఉంటే' అన్న షరతు తగులుకుంటుంది. సరిపోతుందని చూపాలంటే మళ్ళీ హై − లో దగ్గరికే రావాలి. కాబట్టి అక్కడ తిప్పి పంపడం సబబే. కానీ ఫ్యూయల్ కనబడగానే కొట్టిపారేసే అలవాటుని మాత్రం ఒప్పుకోను. వైల్ లూప్ ఉన్న భాషకి ఇంటర్‌ప్రెటర్ రాస్తున్నప్పుడు ఆగని ప్రోగ్రామ్‌లు సహజంగానే ఉంటాయి, తగ్గే కొలతే ఉండదు. అక్కడ ఫ్యూయల్ పెట్టి, జవాబుని ఆప్షన్‌గా (ఉండొచ్చు, లేకపోవచ్చు అన్నట్టు) ఇచ్చి, ఒక లెమ్మా (చిన్న సిద్ధాంతం) రుజువు చేస్తే చాలు: ఎన్ ఫ్యూయల్‌తో జవాబు వస్తే, అంతకంటే ఎంత ఎక్కువిచ్చినా అదే జవాబు వస్తుంది.