అక్క స్కాన్ ఫైల్ పక్కన పెట్టుకొని హ్యూమన్ రీప్రొడక్షన్ చదివిన: నా నీట్ లాంగ్ టర్మ్ అనుభవం

మాది దేవరకొండ దగ్గర ఊరు. టెన్త్ దాకా తెలుగు మీడియం, ఇంటర్ బైపీసీ నల్లగొండల హాస్టల్‌ల ఉండి చదివిన. ఫస్ట్ అటెంప్ట్‌ల హ్యూమన్ రీప్రొడక్షన్, రీప్రొడక్టివ్ హెల్త్ ఈ రెండు చాప్టర్లకెళ్లి వచ్చిన క్వశ్చన్లల్ల మూడు తప్పు పెట్టిన, ఒకటి వదిలేసిన. ఒక్కో క్వశ్చన్‌కు 4 మార్కులు, తప్పుకు మైనస్ 1 కూడా కలుపుకుంటే 19 మార్కులు అక్కడ్నే పోయినయ్. ఎందుకంటే ఆ చాప్టర్ మాకు క్లాస్‌ల చెప్పనే లేదు. "ఈజీగనే ఉంటది, మీరే చదువుకోండి" అని సార్ పేజీలు తిప్పేసిండు, ఎనక బెంచీల నవ్వులు, మేమేమో తలకాయ దించుకొని కూసున్నం. డౌట్ అడగాలంటే సిగ్గు, అడగకుంటే మార్కులు పోతయ్. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ కాలేజీల కూడా గిట్లనే ఉంటే ఆ సిగ్గు ఇయ్యాల్నే పక్కకు పెట్టుర్రి.

లాంగ్ టర్మ్‌ల ఉన్నప్పుడే అక్క తొలి కాన్పుకు అమ్మగారింటికి వచ్చింది, వాంతులు ఎక్కువుండె అని మూడో నెల పడంగనే తీసుకొచ్చినం. ఆస్పత్రికి తోడు పోయేది నేనే. స్కాన్ రిపోర్ట్ మీద 12 వారాల 3 రోజులు అని ఉండె. నాకు లెక్క కుదరలే, ఫర్టిలైజేషన్, అంటే అండం వీర్యకణం కలిసుడు, అయినకెళ్లి లెక్కేస్తే అన్ని వారాలు కావు కదా అని. నర్సమ్మని అడిగితే, ఆఖరుసారి పీరియడ్ వచ్చిన మొదటి రోజుకెళ్లి లెక్కపెడ్తరమ్మా అని చెప్పింది. ఇంటికొచ్చి పుస్తకం తీసిన. 28 రోజుల సైకిల్‌ల ఎల్‌హెచ్ సర్జ్ (ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఒక్కసారిగ పెరుగుడు), 14వ రోజు అటుఇటుగ ఓవ్యులేషన్ (అండం విడుదలయ్యుడు), అంటే ఫైల్‌ల 12 వారాలంటే పిండం వయసు దాదాపు 10 వారాలే. మెన్‌స్ట్రువల్ సైకిల్ గ్రాఫ్ నాలుగు సార్లు బట్టీ కొట్టినా ఎక్కలేదు గని ఆ రోజు ఒక్కసారికే ఎక్కింది.

ఆ స్కాన్‌నే ఎన్‌టీ స్కాన్ అంటరు, 11 నుంచి 14 వారాల మధ్యల బిడ్డ మెడ ఎనక నీరు ఎంత మందం ఉందో కొలుస్తరు. దాంతోపాటు డబుల్ మార్కర్ అని రక్తం తీసిర్రు, అందుల చూసేదాంట్ల ఒకటి బీటా హెచ్‌సీజీ. ప్లాసెంటా (మాయ) ఇచ్చే హార్మోన్లు అని మనం రాసుకుంటం చూడుర్రి హెచ్‌సీజీ, హెచ్‌పీఎల్, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరోన్ అని, గదే హెచ్‌సీజీ. ఇవి స్క్రీనింగ్ మాత్రమే, డౌన్ సిండ్రోమ్ రిస్క్ ఎంతుందో చెప్తయ్ గని ఉందని ఖాయం చెయ్యవు. ఖాయం చేయాలంటే ఆమ్నియోసెంటెసిస్ లాంటిది కావాలె, ఉమ్మనీరు కొంచెం తీసి అందుల ఉన్న పిండం కణాలను పెంచి క్రోమోజోములు చూస్తరు, 21వది మూడు కాపీలు ఉంటే డౌన్ సిండ్రోమ్. హీమోఫిలియా, సికిల్ సెల్ కూడా తెలుస్తయ్. జాండిస్ తెల్వదు, పాత పేపర్లల్ల ఇది ఆప్షన్‌గ పెట్టిర్రు, జాగ్రత్త.

స్కాన్ రూమ్ బయట గోడకు పెద్ద బోర్డు, ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు అని. లోపలికి పోయే ముందు అక్కతోని ఒక కాయితం మీద సంతకం పెట్టించుకున్నరు, పుట్టేది ఆడనా మగనా తెలుసుకోవాలని నాకు లేదు అని. పీసీపీఎన్‌డీటీ చట్టం 1994, లింగ నిర్ధారణ చేయొద్దనే చట్టం, అని నేను వట్టి నంబర్ లెక్క చదివిన, ఆ సంతకం చూసినంక ఇగ మర్చిపోలే. అక్క వాళ్ల అత్తమ్మ "జర చెప్పుర్రి సార్" అని రెండుసార్లు అడిగింది, డాక్టర్ నోరు తెరవలే. నాకు ఆ డాక్టర్ మీద గౌరవం పెరిగింది.

అయిదో నెలల టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలు చూసే స్కాన్) అయినంక ఒక రాత్రి అక్క నా చెయ్యి పట్టుకొని కడుపు మీద పెట్టుకుంది, లోపల చేప కొట్టుకున్నట్టు చిన్నగ కదిలింది. ఫస్ట్ మూవ్‌మెంట్స్ ఫిఫ్త్ మంత్, ఎన్‌సీఈఆర్‌టీ లైన్ అచ్చంగ గదే.

ఏఆర్‌టీలు, అంటే పిల్లలు కానోళ్లకు డాక్టర్లు చేసే పద్ధతులు, మాత్రం ఇంట్ల చూసేటివి కావు, చార్ట్ రాసుకొని చదవాల్సిందే. జిఫ్ట్‌ల 8 బ్లాస్టోమియర్ల (పిండం కణాల) దాకా ఉన్న పిండాన్ని ఫాలోపియన్ ట్యూబ్‌ల పెడ్తరు, 8 దాటితే గర్భాశయంల, అది ఐయూటీ. గిఫ్ట్‌ల అండాన్ని పెడ్తరు కాబట్టి ఫర్టిలైజేషన్ ఒంట్లనే అయితది, జిఫ్ట్‌ల బయట అయిపోయి ఉంటది. నేను తప్పు పెట్టిన మూడింట్ల ఒకటి గిదే. 1978ల ఇంగ్లాండ్‌ల మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ లూయిస్ బ్రౌన్ పుట్టిన 70 రోజులకే, అక్టోబర్ 3న, కలకత్తాల డాక్టర్ సుభాష్ ముఖర్జీ చేతుల మీద మన దేశపు టెస్ట్ ట్యూబ్ బేబీ దుర్గ పుట్టింది, అప్పుడు ఆయన్ని ఎవ్వరు నమ్మలేదట, అది చదివి నాకు ఏడుపొచ్చింది.

బిడ్డ పుట్టినంక ముర్రుపాలు పిండి పారబోయుమని ఎవరో అంటే ఈసారి నేనే అడ్డంపడ్డ, అందుల రోగాలతోని కొట్లాడే ఐజీఏ యాంటీబాడీలు ఉంటయ్ అని చెప్పిన, నర్సమ్మ కూడా గదే చెప్పింది. మూడు నెలలకు ఆశా అక్క వచ్చి గర్భం రాకుండ వేసుకునే ఛాయా గోలీల షీట్ ఇచ్చింది, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. మన పుస్తకంల లక్నో సీడీఆర్‌ఐ తయారుచేసింది అని ఉండే సహేలి, ఈ ఛాయా రెండూ ఒకటే మందు. షీట్ ఇప్పటికీ మా ఇంట్ల దేవుని అల్మారా పక్కన గోడకు మొలకు తగిలేసి ఉంది.