డాబా మీద గాలివానల లెక్క: ఏడో నెల

హైదరాబాద్ ఉప్పల్‌లో మా డాబా మీద మార్చి చివర్లో మొదలుపెట్టిన చిన్న వాతావరణ కేంద్రానికి ఏడు నెలలు నిండాయి. సామాను పెద్దగా ఏమీ లేదు: కోఠి గుజరాతీ గల్లీలో కొన్న బీఎంపీ280 అనే గాలి పీడన సెన్సర్, సెన్సర్ల అంకెలు చదివే ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, ఒక ఉష్ణోగ్రత సెన్సర్. నిమిషానికోసారి అంకెలు నమోదవుతాయి. పీడన సెన్సర్ గదిలోనే ఉన్నా ఫర్వాలేదు, లోపలా బయటా పీడనం ఒకటే. ఉష్ణోగ్రతది మాత్రం నీడలో, గాలి ఆడేచోట ఉండాలి. మొదట పిట్టగోడ మీద పెట్టి 51 డిగ్రీలు చూసి హడలిపోయాను. ఇప్పుడు ఆరు తెల్ల ప్లాస్టిక్ ప్లేట్లను సందు వదిలి ఒకదాని కింద ఒకటి బోర్లించి, మధ్యలో వేలాడదీశాను.

వాన కొలవడానికి 11.3 సెం.మీ. వ్యాసమున్న గరాటు, కింద సీసా. ఆ గరాటు మూతి వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లు కాబట్టి 10 మి.లీ. నీళ్లు పడితే 1 మి.మీ. వాన. గోడకూ ట్యాంకుకూ వీలైనంత దూరంగా పెట్టాలి.

మొదటి తప్పు చెప్పి తీరాలి. రోజూ ఉదయం పదింటి తర్వాత పీడనం పడుతూ సాయంత్రం నాలుగింటికి 3 హెక్టోపాస్కల్స్ (గాలి పీడనాన్ని కొలిచే యూనిట్) దాకా తగ్గేది. పీడనం పడితే వాన అని పుస్తకంలో చదివానుగా, "అమ్మా, వడియాలు తీసెయ్" అనేవాణ్ని. వారం రోజులు తీసింది. చుక్క పడలేదు. "ఏరా, నీ మిషన్‌కి ఎండ తగిలిందా?" అంది. తర్వాత తెలిసింది, మన ఉష్ణమండలంలో పీడనానికి రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు ఉంటాయని. ఉదయం పది, రాత్రి పది దగ్గర ఎక్కువ, తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు దగ్గర తక్కువ. అందుకే ఇప్పుడు నిన్న ఇదే గంటకు ఎంత ఉందో దానితో పోలుస్తున్నాను. ఈ ఒక్క మార్పుతో గ్రాఫ్ మాట్లాడటం మొదలుపెట్టింది.

ఏప్రిల్ మూడో వారంలో ఒక సాయంత్రం పడమర నల్లబడింది. ఆరు నిమిషాల్లో ఉష్ణోగ్రత 38 నుంచి 27కి పడింది. చినుకు ఇంకా రాలేదు. పీడనం మాత్రం పడకపోగా 2.4 హెక్టోపాస్కల్స్ ఎగబాకింది! క్యుములోనింబస్ మేఘం (ఉరుములు, మెరుపుల మేఘం) కింద పొడిగాలిలో చినుకులు ఆవిరవుతూ ఆ గాలిని చల్లబరుస్తాయి. చల్లగాలి బరువెక్కి నేలమీదికి దిగి నలువైపులా పరుచుకుంటుంది. వానకు ముందు తలుపులు బాదే ఈదురుగాలి అదే. నెత్తిన బరువైన గాలి చేరింది కాబట్టి పీడనం పెరుగుతుంది. అదే చల్లగాలి మేఘానికి కింది నుంచి అందే వేడిగాలిని ఆపేస్తుంది, అందుకే ఒంటరి మేఘం ఆయువు మామూలుగా గంటలోపే. అయితే పోతూపోతూ ముందున్న వేడిగాలిని పైకి నెట్టి పక్కన ఇంకో మేఘాన్ని లేపుతుంది. ఇక్కడ ఆగిన వాన మాకు తూర్పునున్న ఘట్‌కేసర్‌లో మొదలవడానికి అదో కారణం.

ఎత్తుకు పోయేకొద్దీ గాలి వేగం, దిశ బాగా మారితే కథ వేరు. వాన పక్కకు పడుతుంది, పైకెక్కే గాలికి అడ్డు రాదు, మేఘం గంటలకొద్దీ బతుకుతుంది, గిర్రున తిరుగుతుంది కూడా. అమెరికా మైదానాల్లో పెద్ద టోర్నడోలు పుట్టేది ఇలాంటి సూపర్‌సెల్స్ నుంచే. మన దగ్గర పైగాలి ఎలా ఉందో తెలియాలంటే హైదరాబాద్‌లో పైకి వదిలే వాతావరణ బెలూన్ల లెక్కలు వయోమింగ్ యూనివర్సిటీ సైట్లో దొరుకుతాయి, స్టేషన్ నంబర్ 43128. పొద్దున్నే టీతో అదే నా పేపర్.

మేలో వడగళ్లు పడితే ఒకటి ఫ్రీజర్‌లో దాచి, కత్తి వేడిచేసి కోశాను. తెల్ల పొర, అద్దం పొర, మళ్లీ తెల్ల పొర. నీళ్లు గబుక్కున గడ్డకడితే గాలిబుడగలు చిక్కుకుని తెల్లగా, నెమ్మదిగా గడ్డకడితే తేటగా ఉంటుంది. మేఘంలో ఎన్నిసార్లు కిందికీ పైకీ తిరిగితే అన్ని పొరలని బడిలో విన్నాను గానీ, ఒకే ప్రయాణంలో వేర్వేరు చోట్లు దాటినా పొరలు మారతాయి.

జులై ముసురుకు గ్రాఫ్‌లో చెప్పుకోదగ్గదేమీ లేదు.

అక్టోబరులో బంగాళాఖాతం వాయుగుండం వచ్చింది. ఎగబాకడాలు లేవు. పీడనం నిన్నటికన్నా 1.5 హెక్టోపాస్కల్స్ తక్కువ, మర్నాడు ఇంకో 2 తక్కువ, అంతే. ఇది నేల వేడితో సాయంత్రానికి లేచే మేఘం కాదు, వెచ్చటి సముద్రపు ఆవిరితో రోజులకొద్దీ బతికే సుడి. గాలి గంటకు 31 కి.మీ. చేరితే వాయుగుండం, 50కి తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుపాను. నేల ఎక్కాక ఆవిరి అందక గాలి తగ్గుతుంది, వాన తగ్గాలని లేదు. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటింది తుపాను కూడా కాదు, తీవ్ర వాయుగుండమే. ఆ రాత్రికి ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన. అప్పుడు నా దగ్గర గరాటు కూడా లేదు.

పిడుగుల సంగతికి దామిని యాప్ పెట్టుకున్నాను. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లకు ఒక కిలోమీటరు లెక్క కూడా వేస్తాను గానీ, ఇంట్లోంచే. ఉరుము వినపడితే డాబా దిగిపోవడమే.

వచ్చే నెల గాలివేగం కొలిచే గిన్నెల మీటరు బిగించాలి. ట్యాంకు అడ్డు రాకుండా దానికన్నా రెండు మీటర్లు ఎత్తున పైపు నిలబెట్టాలి. అమ్మ ఒప్పుకుంది, బట్టల తీగ కదపకపోతేనే.