లాంకాస్టర్‌లో ఒక సమాధి

కార్లు కొనకుండా గుర్రబ్బళ్ళలో తిరిగే ఆమిష్ క్రైస్తవుల పల్లెలు చూడాలని న్యూజెర్సీ నుంచి పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ బయల్దేరాం. దారి పొడవునా టోల్ బాదుడు. అక్కడ గుర్రబ్బండి ఎక్కాలంటే మనిషికింతని లెక్కగట్టారు. నలుగురికీ కలిపి చూస్తే మా ఊళ్ళో నెల సరుకులు వచ్చేస్తాయి. కోడలూ మనవడూ ఎక్కారు. నేనూ మా అబ్బాయీ ఊళ్ళోకి నడిచాం.

సెంట్రల్ మార్కెట్ దాటి కాస్త దూరం వెళితే చెస్ట్‌నట్, మల్బెరీ వీధులు కలిసే మూల ఇళ్ళ మధ్య చిన్న శ్మశానం ఉంది. థాడియస్ స్టీవెన్స్ సమాధి అందులోనే. లింకన్ కాలంలో అమెరికా ప్రతినిధుల సభలో ఖజానా వ్యవహారాలు నడిపించిన నాయకుడికి ఇంత ఇరుకు చోటేమిటా అనుకున్నాను. జవాబు రాతి మీదే ఉంది. అక్షరాలు వానకు అరిగాయి, దగ్గరగా వంగి చదవాలి. ఏకాంతమంటే ఇష్టమై ఇక్కడికి రాలేదట. మిగతా శ్మశానాల నియమాలు జాతిని బట్టి మనుషుల్ని ఆపుతున్నాయి కాబట్టి, సృష్టికర్త ముందు మనుషులంతా సమానమని బతికినన్నాళ్ళూ చెప్పిన మాటను చావులోనూ చూపించడానికి ఈ చోటు ఎంచుకున్నానని రాయించుకున్నాడు.

చదువుతుంటే మా స్కూల్ తెలుగు మాస్టారు గుర్తొచ్చారు. వందలమందికి పద్యం నేర్పిన మనిషి. ఆయన పోయినప్పుడు పెద్ద వీధిలోంచి శవాన్ని పోనివ్వలేదు, పొలం గట్ల మీద మోసుకెళ్ళారు. మా ఊళ్ళో ఇప్పటికీ కులానికో శ్మశానం. స్టీవెన్స్ తనకు తెరిచి ఉన్న తలుపును తానే వద్దన్నాడు. అలాంటి మనిషిని నేను మా వైపు చూడలేదు.

1792లో వెర్మాంట్‌లో వంకర పాదంతో పుట్టాడు. పెన్సిల్వేనియాలో ఉచిత బడుల చట్టాన్ని రద్దు చేయబోతే 1835లో శాసనసభలో మాట్లాడి నిలబెట్టాడు. నల్లవాళ్ళకు ఓటు తీసేసిన రాష్ట్ర రాజ్యాంగం మీద సంతకం పెట్టనన్నాడు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యం ఆయన ఇనుప కార్ఖానాను తగలబెట్టింది. అయినా వెనక్కి తగ్గలేదు.

చట్టం ముందు అందరికీ సమాన రక్షణ ఇచ్చిన అమెరికా రాజ్యాంగ 14వ సవరణను సభలో ముందుండి నడిపించాడు. ఆయన కోరినంత అందులో లేదు. మరి ఎందుకు ఒప్పుకున్నావంటే, నేను బతుకుతున్నది మనుషుల మధ్య, దేవదూతల మధ్య కాదన్నాడు. అది 1868 జూలైలో అమల్లోకి వచ్చింది, ఆగస్టులో ఆయన పోయాడు. అమెరికాలో పుట్టినవాళ్ళకు పౌరసత్వమన్న మాటా ఆ సవరణలోదే. మా అబ్బాయి గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ళ తరబడి ఉన్నాడు. మనవడు మాత్రం పుట్టిన రోజే పౌరుడు. ఆ సంగతి మా అబ్బాయికి చెప్పాను. వాడు చాలాసేపు ఆ రాయి దగ్గరే నిలబడ్డాడు.

లాంకాస్టర్ వెళ్ళేవాళ్ళు మార్కెట్ తెరిచే మంగళ, శుక్ర, శనివారాలు చూసుకోండి. సమాధి అక్కణ్ణుంచి నడిచే దూరమే. కారు మార్కెట్ దగ్గరే వదిలేయండి, పార్కింగ్‌కు రెండుసార్లు కట్టక్కర్లేదు.