బ్రాడీపేట లైన్లు, చేతి నరాలు: నా ఎంబీబీఎస్ మొదటి ఏడాది

అనాటమీ మొదటి ఇంటర్నల్‌లో నాకు 100కి 31 వచ్చాయి. నోటీసు బోర్డులో ఆ అంకె చూసి, అన్నం తినకుండానే హాస్టల్‌కి వచ్చి పడుకున్నాను. అప్పటిదాకా ఏ పరీక్షా తప్పలేదు నేను.

ఎందుకిలా అయిందో అర్థం కావడానికి నెల పట్టింది. విజయవాడలో ఇంటర్ చదివిన రెండేళ్లూ పొద్దున్నే లేపడానికి వార్డెన్ ఉండేది, రాత్రి స్టడీ అవర్‌లో పక్కనే లెక్చరర్. ఏం చదవాలో, ఎప్పుడు చదవాలో వాళ్లే చెప్పేవాళ్లు. నీట్‌లో 180 ప్రశ్నలకూ జవాబు నాలుగు ఆప్షన్లలో కళ్లెదుటే ఉంటుంది, గుర్తుపడితే చాలు. గుంటూరులో మెడిసిన్‌లో చేరాక వైవాలో, అంటే నోటి పరీక్షలో, మేడమ్ ఒక ఎముక చేతిలో పెట్టి "చెప్పమ్మా" అనేవారు. చదివిందంతా తెలిసినట్టే ఉండేది, నోరు మాత్రం పెగిలేది కాదు.

పొద్దున లెక్చర్లు, మృతదేహాన్ని కోసి నేర్చుకునే డిసెక్షన్, మధ్యాహ్నం ల్యాబ్. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కి 80 శాతం హాజరు ఉండాలి కాబట్టి మానడానికి లేదు. హాస్టల్‌కి వచ్చాక రికార్డులు, గులాబీ, ఊదా రంగు పెన్సిళ్లతో హిస్టాలజీ (మైక్రోస్కోప్‌లో చూసిన కణజాలం) బొమ్మలు. అవి అయ్యేసరికి పదిన్నర. అప్పుడు కూర్చుని రెండింటిదాకా పుస్తకంలో ఉన్నదంతా నోట్స్‌లోకి ఎక్కించేదాన్ని. అదే చదువు అనుకున్నాను. మర్నాడు క్లాసులో కునికిపాట్లు. ఒకరోజు బాకీ ఇంకో రోజు మీద పడేది.

ఒక సాయంత్రం పై గదిలో ఉండే సీనియర్ అక్క నా నోట్స్ తిరగేసి, "ఎంత ముద్దుగా రాశావే! ఇప్పుడు మూసేసి బ్రేకియల్ ప్లెక్సస్ గీయి" అంది. మెడ నుంచి చేతికి వచ్చే నరాల అల్లిక అది. మూడు గీతల దగ్గరే ఆగిపోయాను.

"బ్రాడీపేటలో అడ్రస్ ఎట్టా చెప్తారు?" అని అడిగింది. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. గుంటూరులో అందరికీ తెలిసిందే. అక్క చాక్‌పీసుతో గచ్చు మీద ఐదు లైన్లు గీసింది. "పై రెండూ కలిసిపోయాయి. మధ్యది ఒంటరిగా వచ్చింది. కింద రెండూ కలిశాయి. ఎన్ని రోడ్లు?" మూడు. ఒక్కోటీ ముందుకీ వెనక్కీ చీలితే ఆరు. వెనకవి మూడూ ఒకటవుతాయి. ముందువాటిలో పై రెండూ ఒకటి, కిందది విడిగా పోతుంది. మళ్లీ మూడు. వాటి చివర ఐదు పెద్ద నరాలు. రోజూ స్నానానికి వెళ్లేముందు చూడకుండా ఒక్కసారి గీయమంది. వారానికల్లా నిమిషంలో గీసేస్తున్నాను.

చెయ్యి డిసెక్షన్ అప్పటికే అయిపోయింది. అప్పుడు నేను ఫార్మలిన్ ఘాటుకి కళ్లు తుడుచుకుంటూ వెనకే నిలబడ్డాను, ఏమీ చూడలేదు. ట్యూటర్ సార్‌ని అడిగి మళ్లీ వెళ్లాను. ఆయన తడిగుడ్డ తొలగించి, చెయ్యి కొంచెం పక్కకి జరిపారు. చంకలో ధమని మీద తెల్లటి తాళ్లలాంటి నరాలు, ఇంగ్లిష్ ఎం అక్షరం ఆకారంలో. మా గది గచ్చు మీది గీతలే! తన శరీరాన్ని మాకు వదిలి వెళ్లిన ఆ మనిషికి మనసులో దండం పెట్టుకున్నాను.

ఆ తర్వాత ఏ రోజు డిసెక్షన్ ఆ రోజే పుస్తకం మూసి రూమ్మేట్‌కి అరగంట చెప్పేదాన్ని. తను నాకు ఫిజియాలజీ చెప్పేది. బయోకెమిస్ట్రీకి మాత్రం పదేపదే రాయడం తప్ప వేరే దారి దొరకలేదు. పన్నెండు దాటితే లైటు ఆర్పేసేవాళ్లం. నిద్ర తగ్గించుకుని చదివిన ఆ మూడు నెలల్లో నాకు మిగిలింది ఏమీ లేదు. జూనియర్లు ఎవరు అడిగినా ముందు ఇదే చెబుతాను.

మార్చిలో అమ్మ ఫోన్ చేసింది. ఫిరంగిపురం దగ్గర మా ఊళ్లో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తోంది. "రాత్రుళ్లు వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వచ్చేస్తోందే" అంది.

"ఏ వేళ్లమ్మా?"

"బొటనవేలు, పక్క రెండూ."

"చిటికెనవేలు?"

కాసేపు ఆగి, "దానికేం లేదు. నీకెట్టా తెలుసే?" అంది.

ఆ మూడు వేళ్లకీ వెళ్లేది మీడియన్ నరం. చిటికెనవేలికి వెళ్లేది వేరే లైను.

సోమవారం బస్సెక్కి వచ్చింది. ఓపీలో డాక్టర్ గారు మణికట్టు మీద వేలితో తట్టగానే అమ్మ "జిల్లుమంటోందండీ" అంది. అక్కడ నరం నొక్కుకుంటోందని, రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ పెట్టుకోమని చెప్పారు.

రెండో ఇంటర్నల్‌లో అనాటమీలో 58 వచ్చాయి. చెబుదామని ఫోన్ చేస్తే, నేనింకా మాట మొదలుపెట్టకముందే, "కట్టుకునే పడుకుంటున్నాలే" అంది అమ్మ.