ఎనిమిదో వారం లెక్క

కౌన్సెలింగ్ అనే మాటకు మన దగ్గర అంత మంచి పేరు లేదు. ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్న ఎంసెట్ రాసిన పిల్లలున్న ఇంట్లో అది సీటు కోసం సర్టిఫికెట్లు పట్టుకొని తిరిగే తతంగం. పేపర్లలో చూస్తే తాగి బండి నడిపి పట్టుబడినవాళ్లకూ, రౌడీషీటర్లకూ పోలీసులు ఇచ్చేది. అందుకే మొదటి సంవత్సరం విద్యార్థితో "నేను నీ కౌన్సిలర్‌ను, శుక్రవారం చివరి పీరియడ్‌లో వచ్చి కలువు" అనగానే ఆ ముఖంలో ముందుగా కనిపించేది "నేనేం చేశాను మేడం?" అన్న భయమే. హైదరాబాద్ శివారులో, జేఎన్‌టీయూహెచ్‌కు అనుబంధంగా ఉన్న ఒక ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతూ, పద్నాలుగేళ్లుగా ఈ పని కూడా చేస్తున్నాను. ఈమధ్య పేరు మార్చి మెంటర్ అంటున్నారు. పిల్లల నోట మాత్రం ఇంకా కౌన్సిలరే.

సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ప్రతి ఇరవైమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలంటుంది కాబట్టి, కాగితం మీద మాలో ఒక్కొక్కరికీ ఇరవైమంది వస్తారు. సెమిస్టర్ మధ్యలో ఎవరైనా ఉద్యోగం మానేస్తే వాళ్ల పిల్లలను మిగిలినవాళ్లకు పంచుతారు. నా జాబితా ముప్పైకి తగ్గిన ఏడాది నాకు గుర్తులేదు. ఒక్కో విద్యార్థికి ఒక కౌన్సెలింగ్ పుస్తకం ఉంటుంది. కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏకు మేము నింపిన దరఖాస్తుల్లో ఈ మెంటరింగ్ ఏర్పాటుకు ఐదు మార్కులు ఉండేవి. కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లు కూడా ఒక్కో మెంటర్ కింద ఎంతమంది ఉన్నారని అడుగుతారు. ఆ బృందాలు వచ్చే ముందు రాత్రి స్టాఫ్ రూములో ఏం జరుగుతుందో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. సిరా ఒకేలా కనబడకుండా నాలుగు రకాల పెన్నులు ముందు పెట్టుకొని, రెండేళ్ల తేదీలు వరుసగా వేసి, ప్రతి తేదీకి ఎదురుగా "అడ్వైజ్డ్ టు స్టడీ వెల్" అని రాసుకుంటూ పోయినవాళ్లలో నేనూ ఉన్నాను. అలా రాస్తూ రాస్తూ, నిజంగా పిల్లలు ఎదురుగా కూర్చున్నప్పుడు కూడా నేను చెబుతున్నది అదే మాట అని గ్రహించడానికి నాకు కొన్నేళ్లు పట్టింది.

ఆ గ్రహింపు ఒక కుర్రవాడి వల్ల వచ్చింది. అతనిది నాగర్‌కర్నూల్ వైపు ఒక పల్లె. రెండో సంవత్సరం మొదటి సెమిస్టర్‌లో తరగతులకు సరిగా రావడం లేదు. పిలిచి అడిగితే ఒంట్లో బాగుండటం లేదన్నాడు. నిజం తరువాత తెలిసింది: ముహూర్తాల రోజుల్లో ఫంక్షన్ హాళ్లలో కేటరింగ్ పనికి పోయి, అర్ధరాత్రి దాటాక రూముకు చేరి, పొద్దున లేవలేకపోతున్నాడు. పదమూడో వారం ముగిశాక అతణ్ణి కూర్చోబెట్టి, తల్లిదండ్రుల కష్టం గురించీ భవిష్యత్తు గురించీ అరగంటసేపు మాట్లాడాను. చివర్లో, "ఈ మూడు వారాలూ ఒక్క పీరియడ్ కూడా మానకు, అన్నీ సర్దుకుంటాయి" అని ధైర్యం చెప్పాను. అతను నా మాట నమ్మి మూడు వారాలూ ఒక్క పీరియడ్ మానలేదు. డిటైన్ అయ్యాడు.

ఎందుకు అయ్యాడో చెప్పడానికి కొంచెం లెక్క అవసరం. మా విశ్వవిద్యాలయం నియమం ప్రకారం సెమిస్టర్ పరీక్ష రాయాలంటే అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరు ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉన్నవాళ్లకు సరైన కారణం, దానికి తగిన ఆధారం చూపితే, రుసుము కట్టించుకొని మినహాయింపు ఇస్తారు; దీన్నే కండోనేషన్ అంటాం. 65కు తగ్గితే ఏ కారణం చెప్పినా మినహాయింపు లేదు, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే; డిటైన్ కావడమంటే ఇదే. వారానికి 35 పీరియడ్ల చొప్పున 16 వారాలనుకుంటే మొత్తం 560 పీరియడ్లు. 75 శాతం అంటే 420, 65 శాతం అంటే 364. పదమూడు వారాలకు 455 పీరియడ్లు జరిగితే అతను వచ్చింది 250. మిగిలినవి 105. ఒక్కటీ వదలకుండా వస్తే 355, అంటే 63 శాతం పైచిలుకు. నేను ధైర్యం చెప్పిన రోజుకే అతని సెమిస్టర్ చేజారిపోయింది. కాగితం మీద రెండు వరుసల కూడికవేస్తే తెలిసే సంగతిని, అరగంట ఉపన్యాసం ఇచ్చిన నేను చూసుకోలేదు.

అతని తండ్రి వచ్చినప్పుడు మా శాఖాధిపతి (హెచ్‌ఓడీ) గదిలో నేనూ ఉన్నాను. ట్రాక్టర్ నడుపుకొనే మనిషి. గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు. "మావోడు రోజూ కాలేజీకే పోతున్నడనుకున్నం మేడం. ముందుగాల ఒక్క ఫోన్ జేస్తే నేనే వచ్చి వాని రూముల కూసుందును గద" అన్నాడు. ఏడాది వెనక్కి పోవడమే కాకుండా, మళ్లీ చదివే కాలానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదనీ, జూనియర్లతో చేరినప్పుడు వాళ్ల బ్యాచ్‌కు వర్తించే నియమావళి, అంటే రెగ్యులేషన్, కిందకే వస్తాడు కాబట్టి కొన్ని సబ్జెక్టులు మారతాయనీ ఆయనకు విడమరిచి చెప్పాల్సిన బాధ్యత నా మీద పడింది. ఆ రోజు రాత్రి రెగ్యులేషన్ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. ఉద్యోగంలో చేరిన తరువాత దాన్ని పూర్తిగా చదవడం అదే మొదటిసారి అని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

అప్పటినుంచి నా పని ఎనిమిదో వారంలో మొదలవుతుంది. అదే కుర్రవాడు అదే 55 శాతంతో ఎనిమిదో వారం చివర నా ఎదుట ఉన్నాడనుకుందాం: 280లో 154 వచ్చాడు, ఇంకా 280 మిగిలాయి. పద్నాలుగుకు మించి మానకపోతే 420 అందుకుంటాడు, కండోనేషన్ అవసరమే రాదు. మరో నాలుగు వారాలు ఇలాగే గడిస్తే 420లో 231. ఇక 75 ఆశ ఉండదు గానీ, మిగిలిన 140లో ఏడు పీరియడ్లకు మించి మానకపోతే 65 గీత మీద నిలబడతాడు. ఇంకొక్క వారం ఇలాగే గడిస్తే ఆ గీత కూడా చేజారిపోతుంది. ఇప్పుడు నేను చేసేదల్లా ఈ లెక్కను విద్యార్థి చేతనే వేయించడం. "నువ్వింకా ఎన్ని మానవచ్చు?" అని అడిగి, కాగితం, పెన్ను అతనికే ఇస్తాను. పద్నాలుగు అని తన చేతితో రాసుకున్నవాడు ఆ పద్నాలుగును డబ్బులాగా జాగ్రత్తగా ఖర్చుపెడతాడు. అక్క పెళ్లికి ఆరు, ఊళ్లో బోనాలకు ఏడు అని వాడే కేటాయించుకుంటాడు. నేను క్రమశిక్షణ గురించి మాట్లాడిన రోజుల్లో ఇంత పొదుపు ఎవరిలోనూ చూడలేదు.

మార్కుల దగ్గర కూడా ఇదే కథ. 2022 బ్యాచ్‌తో మొదలైన ఆర్22 రెగ్యులేషన్ వచ్చాక కళాశాలలోనే జరిగే ఇంటర్నల్స్‌కు 40, సెమిస్టర్ పరీక్షకు 60 మార్కులయ్యాయి. మొత్తం మీద 40 వస్తే గట్టెక్కినట్టేనని సగం మంది అనుకుంటారు. ఇంటర్నల్స్‌లో 35 తెచ్చుకొని, ఇంకో ఐదు చాలుకదా అని ధీమాగా కూర్చున్న తెలివైన పిల్లలను చూశాను. చివరి పరీక్షలో విడిగా 60కి 21 రావాలని వాళ్లకు ఫలితాలు వచ్చిన రోజే తెలిసింది. ఈ సంగతి రెగ్యులేషన్ పుస్తకంలో ఉంది, వెబ్‌సైటులో ఉంది, ఇండక్షన్ కార్యక్రమంలో తెర మీద కూడా చూపించారు. మొదటి వారంలో, హాస్టల్ తిండి సంగతి తప్ప మరేదీ తలకెక్కని రోజుల్లో చూపించినది ఎవరికి గుర్తుంటుంది? ఏ నియమం ఎప్పుడు అవసరపడుతుందో దానికి ఒక నెల ముందు చెప్పాలి.

ఈసెట్ రాసి నేరుగా రెండో సంవత్సరంలో చేరే డిప్లొమా పిల్లల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. వీళ్లను లేటరల్ ఎంట్రీ అని పిలుస్తాం. అందరూ ఒక ఏడాది కలిసి చదివి జట్లు కట్టుకున్న తరగతిలోకి వీళ్లు ఆలస్యంగా వచ్చి వెనక బెంచీల్లో సర్దుకుంటారు. టంకం వేయడంలో, విద్యుత్ తరంగాలను తెర మీద చూపే సీఆర్‌ఓ తిప్పడంలో వీళ్ల పనితనం ముందు మిగతావాళ్లు నిలవలేరు. కానీ బీటెక్ మొదటి ఏడాది గణితం వీళ్లు చదవలేదు. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ తరగతిలో ఇంటెగ్రల్ గుర్తు కనబడగానే పెన్ను కింద పెట్టేస్తారు. "అర్థమైందా?" అంటే తల ఊపుతారు, ఎందుకంటే అర్థం కాలేదంటే డిప్లొమా వాళ్లు ఇంతే అనుకుంటారని వాళ్ల అనుమానం. వీళ్లకు ప్రేరణ కలిగించే మాటలు చెప్పి లాభం లేదు. కావలసింది మొదటి ఏడాది గణితంలో ఏ రెండు యూనిట్లు ముందుగా చదువుకోవాలో గీత గీసి చూపించడం, ల్యాబ్‌లో వీళ్లను రెగ్యులర్ విద్యార్థితో జత కలపడం. ల్యాబ్‌లో నేర్పినవాడు సాయంత్రం గణితం అడగడానికి మొహమాటపడడు.

ఇష్టమైన సబ్జెక్టులు, అంటే ఎలెక్టివ్‌లు, ఎంచుకునే వారంలో మాత్రం నా గది ముందు సంత. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఏది ఈజీ మేడం?" మొదట్లో ఈ ప్రశ్నకు కోపం వచ్చేది. ఇప్పుడు, "ఆ సబ్జెక్టు సిలబస్ పేజీ, ఒక పాత ప్రశ్నపత్రం తెచ్చి చూపించు, చూసి చెబుతాను" అంటాను. సగం మంది మళ్లీ రారు. వచ్చినవాళ్లకు సాధారణంగా నా సలహా అక్కర ఉండదు, దారిలోనే చదువుకొని ఉంటారు. కోడింగ్ నేర్చుకోవాలా, చిప్‌ల తయారీకి సంబంధించిన వీఎల్‌ఎస్‌ఐ వైపు పోవాలా అనే పెద్ద ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఉన్నట్టు నటించడమూ మానేశాను. ఇద్దరు పూర్వ విద్యార్థుల ఫోన్ నంబర్లు, వాళ్ల అనుమతి తీసుకొని, ఇస్తాను. క్యాంపస్‌కు వచ్చే చాలా కంపెనీలు అరవై శాతం మార్కులూ, తప్పి మిగిలిపోయిన సబ్జెక్టు (బ్యాక్‌లాగ్) లేకపోవడమూ అడుగుతాయని గుర్తుచేస్తాను.

ఇంటికి ఫోన్ చేయాలా వద్దా అన్నది అన్నిటికంటే చిక్కుముడి. నాగర్‌కర్నూల్ తండ్రి మాట విన్న తరువాత కొన్నాళ్లు హాజరు తగ్గిన ప్రతి విద్యార్థి ఇంటికీ ఫోన్ చేశాను. ఒకసారి మూడో సంవత్సరం అమ్మాయి తండ్రికి అలాగే చేశాను. ఆయన మర్యాదగా విని, "చెప్పి మంచి పని చేశారు మేడం, చదువు మీద దానికి మనసు లేదని మాకూ అనుమానమే, ఒక సంబంధం ఉంది" అన్నారు. ఆ అమ్మాయికి హాజరు తగ్గింది తల్లికి ఆపరేషన్ అయితే ఇల్లు చూసుకోవడం వల్ల. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ లెక్కలోకి రాలేదు, నేనూ అడగలేదు. ఆ అమ్మాయి చదువు ఆగకుండా చూడటానికి హెచ్‌ఓడీ గారూ నేనూ వాళ్లింటికి రెండుసార్లు వెళ్లాల్సి వచ్చింది. ఒక ఇంట్లో కొడుకు సెమిస్టర్‌ను కాపాడగలిగిన ఫోన్, ఇంకో ఇంట్లో కూతురి చదువును ఆపగలదు. ఇప్పుడు ముందు విద్యార్థికి చెబుతాను, ఏం మాట్లాడబోతున్నానో వివరిస్తాను, అతని ఎదుటే, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టి ఫోన్ చేస్తాను. ఎవరితో మాట్లాడమంటావు అని కూడా అడుగుతాను. చాలామంది అమ్మ పేరే చెబుతారు.

నిద్రపట్టడం లేదనీ, ఏదీ తినబుద్ధి కావడం లేదనీ, బతకాలనిపించడం లేదనీ చెప్పే పిల్లలు కూడా ఉంటారు. అక్కడ హాజరు లెక్కలు పనికిరావు, నా ఉపన్యాసాలు అంతకంటే పనికిరావు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 బల్ల మీద అద్దం కింద పెట్టుకున్నాను. నా గదిలోంచే ఫోన్ చేయిస్తాను, అవసరమైతే డాక్టరు దగ్గరికి తోడుగా వెళతాను. వెళ్లిన రోజు కౌన్సెలింగ్ పుస్తకంలో ఏమీ రాయను.

ఈ శుక్రవారంతో ఎనిమిదో వారం ముగుస్తోంది. అరవైకి తక్కువ ఉన్నవాళ్లు నా జాబితాలో నలుగురు తేలారు. ముగ్గురు వచ్చి లెక్క వేసుకొని వెళ్లారు; అందులో ఒకడు రాత్రిపూట డెలివరీ బండి నడుపుతున్నానని అడగకుండానే చెప్పాడు, ఉదయం మొదటి రెండు పీరియడ్లు ఏ రోజుల్లో వదులుకోగలడో ఇద్దరం కూర్చొని చూశాం. నాలుగో అబ్బాయి ఫోన్ ఎత్తడం లేదు. సోమవారం మధ్యాహ్నం వాళ్ల బ్యాచ్‌కు మైక్రోప్రాసెసర్స్ ల్యాబ్ ఉంది. అది ఎగ్గొడితే రికార్డు సంతకం దొరకదు కాబట్టి తప్పకుండా వస్తాడు. తలుపు దగ్గర నిలబడతాను.