పొద్దుటి తుమ్ములు, రాత్రి పిల్లికూతలు

నా జలుబు ఎప్పుడు మొదలైందో చెప్పలేను. అది పూర్తిగా తగ్గిన రోజు ఒకటుంటే కదా, మళ్లీ ఎప్పుడొచ్చిందో గుర్తుండేది! పొద్దున్న కళ్లు తెరిచీ తెరవకముందే తుమ్ములు. ఒకదాని వెనక ఒకటి, మధ్యలో ఊపిరి తీసుకోనివ్వవు. అంగిట్లో దురద, కళ్లలో నీళ్లు. స్నానం చేసి ఆఫీసుకు బయల్దేరేసరికి సర్దుకునేది. పగలంతా మామూలు మనిషిని. రాత్రి పక్క మీద వాలగానే మళ్లీ ముక్కు మూసుకుపోయేది. నోటితో గాలి పీల్చి పీల్చి తెల్లారేసరికి గొంతు ఎండిపోయేది. జ్వరం లేదు కాబట్టి ఇంట్లో ఎవరూ దాన్ని జబ్బుల్లో లెక్కేయలేదు.

దగ్గు మొదలయ్యాక మాత్రం అందరికీ టెన్షన్ పట్టుకుంది. తెల్లవారుజామున మెలకువ వచ్చేది, ఛాతీ బిగుసుకున్నట్టు ఉండేది, ఊపిరి వదిలితే పిల్లికూతలు. మా ఆయన పక్కనే పడుకుని వినేవారు. చివరికి ఆయనే పట్టుబట్టి అలర్జీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు.

డాక్టరుగారు ముక్కు సంగతి అడగకముందే, "ఇల్లు వదిలి వేరేచోట పడుకున్నప్పుడు ఎలా ఉంటుంది?" అన్నారు. అప్పటిదాకా ఆ కోణంలో నేను ఆలోచించనే లేదు. పరీక్షకు ముందు వారం రోజులు అలర్జీ మాత్రలు ఆపమన్నారు. అవి వేసుకుని వస్తే చర్మం సరిగా స్పందించదట. ఆ వారం ఎలా గడిచిందో చెప్పను, తుమ్ముతూ గడిచింది. ముంజేతి మీద వరసగా చుక్కలు వేసి, ఒక్కోచోట సూదిమొనతో చిన్నగా గుచ్చి, పదిహేను ఇరవై నిమిషాలు కూర్చోబెట్టారు. పుప్పొడి చుక్కల దగ్గర ఏమీ లేదు. ధూళిపురుగుల చుక్క దగ్గర దోమ కుట్టినట్టు దద్దురు లేచింది. గొట్టంలోకి ఊపిరి ఊదే పరీక్ష కూడా చేశారు. అలర్జిక్ రైనైటిస్, అంటే ముక్కుకి వచ్చే అలర్జీ, దానితోపాటు తేలికపాటి ఆస్తమా అని తేల్చారు.

ఫోన్లో చెప్పగానే అమ్మ నొచ్చుకుంది. "ఇల్లు అద్దంలా పెట్టుకుంటావు కదే, నీకు దుమ్ము అలర్జీ ఏమిటి?" అంది. ఈ జబ్బులో నన్ను మందులకన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఈ మాటే. ఇల్లు మురికిగా ఉంటేనే ఇది వస్తుందని అందరి అభిప్రాయం. డాక్టరుగారు చెప్పింది వేరు. నాకు పడనిది దుమ్ములో ఉండే ధూళిపురుగులు. ఈ పురుగుల పొడవు మిల్లీమీటరులో నాలుగో వంతు, కంటికి ఆనవు. కుట్టవు, కరవవు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. నీళ్లు తాగవు, గాలిలో ఉన్న తేమనే ముందు కాళ్ల దగ్గరి గ్రంథులతో లాక్కుంటాయి. అందుకే గాలిలో తేమ 50 శాతం కన్నా తక్కువగా ఉండిపోతే ఎండిపోయి చస్తాయి. మనిషి రాత్రంతా పడుకున్న పరుపులో పొట్టు, వెచ్చదనం, చెమట తేమ మూడూ దొరుకుతాయి. నేల ఎంత తుడిచినా పరుపు లోపలికి ఆ తుడుపు అందదు కదా. ఇళ్లలోని దుమ్ము పడనివాళ్లకు అసలు కారణం ఈ పురుగులేనని నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు 1964లో బయటపెట్టారు. అలర్జీ తెచ్చేది ఎక్కువగా వాటి రెట్టలోని జీర్ణరసాలు. పురుగు చచ్చినా రెట్ట అక్కడే ఉంటుంది. ఈ ఒక్క సంగతి అర్థమయ్యాక మిగతా సలహాలన్నీ వాటంతట అవే అర్థమయ్యాయి.

మందులు ముందు. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే, పీల్చే ఇన్‌హేలర్ ఇచ్చారు. స్ప్రే కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో కొట్టుకోమని నర్సు చూపించింది. అలా చేస్తే మందు ముక్కు మధ్య గోడకి తగలకుండా పక్కకి వెళ్తుంది, రక్తం రాదు. ఇన్‌హేలర్ తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నాలుక మీద తెల్లపూత వస్తుంది. పరుపు ఎంత శుభ్రం చేసుకున్నా మందులు సొంతంగా మానొద్దని డాక్టరుగారు గట్టిగానే చెప్పారు. పక్క శుభ్రత ఒక్కటే ఆస్తమాని అదుపు చేయదట.

ఇక పక్క సంగతి. లేవగానే దుప్పటి మడతలు పోయేలా లాగి, దిండ్లు సర్ది, పైన ఇంకో దుప్పటి పరిచేయడం నాకు ఏళ్ల అలవాటు. ఇప్పుడు దుప్పట్లు తీసి కుర్చీ మీద వేసి, కిటికీలు తెరిచి, పరుపుని గాలికి వదిలేస్తున్నాం. పక్క సర్దేది టిఫిన్లయ్యాకే. చుట్టాలొచ్చినప్పుడు ఆ చిందరవందర చూసి మొహమాటంగానే ఉంటుంది, అయినా పరుపులో చేరిన చెమట తేమ ఆరాలి.

పక్క దులపడం నా చేతుల్లోంచి పోయింది. దులిపితే రెట్ట రేణువులు గాల్లోకి లేస్తాయి, అప్పుడు దగ్గరున్న మనిషి పీల్చేది అదే. అవి బరువైనవి కాబట్టి కాసేపట్లో మళ్లీ కిందికి దిగిపోతాయి. ఖరీదైన గాలి శుద్ధి మెషీన్ కొనమని నలుగురూ చెప్పినా మేం కొననిది అందుకే. గాల్లో నిలవని దాన్ని ఆ మెషీన్ ఏం పడుతుంది? దుప్పట్లు తీయాల్సిన రోజున, "నువ్వు అవతలి గదిలోకి వెళ్లు, అయ్యాక పిలుస్తా" అంటారు మా ఆయన. పరుపు మీద వాక్యూమ్ పెట్టేదీ ఆయనే, అదీ సన్నటి దుమ్మును కూడా పట్టేసే హెపా ఫిల్టర్ ఉన్నదే. నేను చేయాల్సి వస్తే మాస్కు పెట్టుకుంటాను. అలమరా, మంచం కోళ్లు తడిగుడ్డతోనే తుడుస్తాం. జబ్బు ఉన్న మనిషే ఈ పనులన్నీ చేసుకోవాలంటే కుదరదు. ఈ మాట ఇంట్లో మిగతావాళ్లకి డాక్టరే చెబితే బాగుంటుంది, మనం చెబితే వంక అనుకుంటారు.

దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతుకుతాం. చన్నీళ్లలో ఉతికితే రెట్ట చాలావరకు పోతుంది కానీ పురుగులు చాలా బతికిపోతాయి. వేడినీళ్లకి ఆగని ఉన్ని శాలువాని కవర్లో చుట్టి రెండు రోజులు డీప్ ఫ్రీజర్లో పెట్టి, తర్వాత ఉతుకుతాను. చలికి పురుగులు చస్తాయి, రెట్ట పోవాలంటే ఉతకాల్సిందే. మా అమ్మాయి బొచ్చు ఎలుగుబంటికీ ఇదే వైద్యం. "పాపం, దానికి చలేస్తుందమ్మా" అని మొదటిసారి ఏడ్చింది, ఇప్పుడు తనే తీసుకెళ్లి లోపల పెడుతుంది.

పరుపుకి, దిండ్లకి జిప్పున్న తొడుగులు వేశాం. నేత సందులు 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా సన్నగా ఉన్నవి చూసి కొనమన్నారు, రెట్ట రేణువు దాదాపు 20 మైక్రాన్లు ఉంటుంది కనక అది దాటి రాలేదు. ప్లాస్టిక్ తొడుగులైతే చెమట పట్టి నిద్ర పట్టదు, గుడ్డవే నయం.

వానాకాలంలో వచ్చిపడేది అసలు కష్టం. బట్టలు ఆరవు, గోడలు చెమర్చుతాయి, తేమ కొలిచే చిన్న మీటరు 70 దాటి చూపిస్తుంది. సగం ఆరిన దుప్పటి పరచడం కన్నా పాత దుప్పటి మీద ఇంకో రెండు రోజులు పడుకోవడం మేలని నా లెక్క. ఆ రోజుల్లో ఏసీని తేమ లాగేసే డ్రై మోడ్‌లో పెడతాం, పడగ్గదిలో బట్టలు ఆరేయం.

గుణం వెంటనే కనిపించలేదు. స్ప్రే పనిచేయడానికి వారాలు పట్టింది, ఇంత చాకిరీ దేనికని మధ్యలో విసుగూ వచ్చింది. ముందు తగ్గింది రాత్రి దగ్గు, తర్వాత పిల్లికూతలు. పొద్దుటి తుమ్ములు అన్నిటికన్నా ఆలస్యంగా పలచబడ్డాయి, ఇప్పటికీ వానాకాలంలో తొంగిచూస్తాయి. ఊరెళ్తే నా దిండు, దాని తొడుగు సంచీలో ఉంటాయి. ఇన్‌హేలర్ డోసు ఒకసారి తగ్గించారు. ఇమ్యునోథెరపీ గురించి, అంటే పడనిదాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే చికిత్స గురించి కూడా డాక్టరుగారు చెప్పారు, మూడు నుంచి ఐదేళ్ల కోర్సట. ప్రస్తుతానికి స్ప్రేతోనే నెట్టుకొస్తున్నాను, ఈ వానాకాలం ఎలా గడుస్తుందో చూసి దాని సంగతి తేల్చుకుందామన్నారు.